కడియం పచ్చగానే ఉంది

నమోదు 1, మూడో సొరంగం

తేమ బాగుంది. ఎడమ వైపు ఫ్యాను మళ్లీ మూలుగుతోంది. బాగుచేసేవాళ్లను పిలిచి పిలిచి విసుగొచ్చింది నాకు, వాళ్లకు కాదు. లోపలి వరసలో పుట్టగొడుగు ఇంకా మొగ్గ తొడగలేదు.

ఈ నమోదు పుట్టగొడుగుల పరుపుల కోసం. మనుషుల గురించి రాసే చోటు ఇందులో లేదు, వాళ్ల ఒంటిని కనిపెట్టి చూసుకోవడానికి చేతి కడియాలున్నాయి. అయినా రాస్తున్నాను, ఇంకెక్కడా చెప్పుకోలేను కనుక.

వదిన ఇవాళ తడి గడ్డి మూట మోసుకొస్తూ సగం దారిలో కూర్చుండిపోయింది. వదిన అంటే పెంచలమ్మ, మా అన్న చెన్నకేశవులు భార్య. మూట దించి దాని మీదే కూర్చుంది. పైన ఎండకు తాళలేక ఈ పాత ముగ్గురాయి గనిలోకి దిగినప్పటి నుంచీ చూస్తున్నాను, పని మధ్యలో ఆమె కూర్చోవడం నేనెరగను. భోజనానికి కూడా నిలబడే తింటుంది, కూర్చుంటే పరుపులు అలుగుతాయన్నట్టు.

"పచ్చేనా వదినా?" అన్నాను.

"పచ్చే" అంది. దండచేతికున్న కడియం కూడా పచ్చగానే వెలుగుతోంది. ఒంట్లో తేడా వస్తే అది ఎర్రబడాలి.

ఇక్కడ అంతకు మించి అడగకూడదు. ఎలా ఉన్నావని ఎవరినైనా అడిగితే, నీ కడియం మీద నాకు నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే. నేనూ అడగలేదు. మూట నేను మోశాను. దానికే ఆమెకు కోపమొచ్చింది.

అలుపు ఎవరికి రాదు? నాకూ వస్తుంది. ఇదంతా పెద్దది చేసి రాస్తున్నానేమో.


నమోదు 2, కడియాల గది బయట బెంచీ

తేమ చూడలేదు. ఇవాళ చూడను కూడా.

లోపల రెడ్డెమ్మ వేరేవాళ్లతో మాట్లాడుతోంది. కడియాల ఇన్‌చార్జి ఆమే, మంచి మనిషే. కూర్చో పిలుస్తానంది. కూర్చున్నాను. కూర్చుంటే పిచ్చెక్కేటట్టుంది, అందుకే రాస్తున్నాను.

పొద్దున నిలకడలో వదిన నా పక్కనే ఉంది. పని మొదలయ్యే ముందు అందరం రాతి అరుగు మీద వరసగా కూర్చుని, కదలకుండా, కడియానికి ఆ పూట మన ఒంటిని నేర్పుతాం కదా, అదే నిలకడ. వెనకటికి అందరికీ ఒకటే కొలత ఉండేది. మిగతా సొరంగాల్లో ఉక్కకి, దుమ్ముకి సగం మంది ఎర్రబడేవాళ్లు, లిఫ్టు ఊరికే పైకీ కిందికీ తిరిగేది. అప్పుడు ఎవరి కొలత వాళ్లకి, ఏ రోజు కొలత ఆ రోజుకి అని పెట్టారు. తెలివైన పనే అనుకున్నాం అందరం.

నిలకడ అయ్యేంతసేపూ వదిన అరచేతిలో దవడ పెట్టుకుని ఉంది. పన్ను అనుకున్నాను. తర్వాత పరుపులు విప్పుతుంటే చూశాను, రవిక వీపంతా తడిసిపోయింది. మూడో సొరంగంలో ఎవరికీ చెమట పట్టదు. అక్కడ శాలువా కప్పుకుని పనిచేస్తాం. మొహం పిండి రాసినట్టుంది. సంగటి ముద్ద చూసి మొహం తిప్పుకుంది, వాంతి వచ్చేటట్టుందంది. ఎడమ భుజాన్ని రాతి గోడకేసి రుద్దుకుంటోంది, గేదె రుద్దుకున్నట్టు.

అడిగేశాను. అందరి ముందూ. "ఎట్లుండాది వదినా నీకు?"

గడ్డి విప్పుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. వెనకనుంచి ఎవరో నవ్వారు. వదిన సిగ్గుతో, కోపంతో నావైపు చూసింది.

"పంటినొప్పి మే. అంత సదువుకున్నదానివి, పంటికీ గుండెకీ తేడా తెల్దా నీకు?"

గుండె అనే మాట నేను అనలేదు.

నేను చదివింది చరిత్ర. కానీ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడు అందరికీ ప్రథమ చికిత్స తరగతి ఒకటుండేది. నేల మీద రబ్బరు బొమ్మ పడుకుని ఉండేది, సరిగ్గా నొక్కితే టిక్కుమనేది. మేమంతా నవ్వుతూ నొక్కేవాళ్లం. చెప్పే ఆవిడ మాత్రం నవ్వేది కాదు. గుండెపోటంటే రొమ్ము పట్టుకుని కుప్పకూలడమే అనుకోకండి, ఆడవాళ్లకు తరచుగా దవడలో వస్తుంది, వీపులో వస్తుంది, వికారంలా, చల్లటి చెమటలా, ఎప్పుడూ లేని అలుపులా వస్తుంది, అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగి పడుకుంటారు, లేవరు, అని చెప్పింది. అదంతా గుర్తుందని నేననుకుంటున్నాను. గుర్తున్నదంతా నిజమని ఎలా చెప్పను? ఎప్పుడో విన్న ఒక క్లాసు ఒక పక్క, ఇంతమంది ప్రాణాలు కాస్తున్న యంత్రం ఒక పక్క.

వదినను గడ్డి మూటలకు ఆనించి, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టాను. లేవొద్దన్నాను. అన్నకు కబురు పెట్టి, వచ్చాక అప్పగించి ఇటు వచ్చాను. మెట్లదారి ఒకటుంది పైకి. గుండెనొప్పి మనిషిని మెట్లెక్కించడమంటే చంపడమే. లిఫ్టు కావాలి.

రెడ్డెమ్మ పిలుస్తోంది.


నమోదు 3, గని నోటి దగ్గర ఆసుపత్రి వరండా

అక్షరాలు వంకర పోతున్నాయి. రాసినది నాకే తెలియడం లేదు. రేపటికి నేను దీన్ని నా మనసులో మార్చేసుకుంటాను, నా స్వభావం నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నాను.

రెడ్డెమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తెర మీద వదిన గీత తీసి చూపించింది. పొద్దున నిలకడ నుంచి ఇప్పటిదాకా వెంట్రుకవాసి మార్పు లేదు చూడమంది. నిజమే, లేదు. ఎర్ర కాకుండా పగటిపూట ఎండలో లిఫ్టు దించే అధికారం తనకు లేదంది. పొద్దుగూకాక సరుకు లిఫ్టు దిగుతుంది కదా, అంతగా అయితే అందులో తీసుకుపొమ్మంది. పొద్దుగూకేదాకా ఏం చేయాలని అడిగితే, వేడినీళ్లు తాపించమంది.

తిరిగి సొరంగంలోకి వస్తుంటే ఆ గీతే కళ్ల ముందు. మార్పు లేదు, మార్పు లేదు. వచ్చీ రాగానే వదినను అడిగాను, ఈ నొప్పి ఎప్పుడు మొదలయిందని.

"నిలకడకు ముందే. పండుకోని లేసేటప్పుడే పట్టేసింది" అంది.

మరెందుకు చెప్పలేదని అడిగితే, నిలకడ అయ్యాక పచ్చ వచ్చింది కదా అంది.

అంతే. ఇంకేం కావాలి? జబ్బు పడిన గుండెనే పొద్దున కూర్చోబెట్టి, ఇదే పెంచలమ్మ మామూలు గుండె అని కడియానికి నేర్పించాం. అది బుద్ధిగా నేర్చుకుంది. గోడ ఫోనులో రెడ్డెమ్మకు చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది. కానీ చెప్పింది మాత్రం ఇది: రేపు పొద్దున నిలకడలో ఆమెను విడిగా కూర్చోబెట్టి పాత కొలతతో పోల్చి చూద్దాం. రేపు పొద్దున.

ఫోను గోడకేసి కొట్టాను. పగల్లేదు. ఈ గనిలో పగలాల్సినవేవీ పగలవు.

మరి పగటిపూట లిఫ్టు దిగేది ఇంకొక్కదానికే. పీనుగుకు. పీనుగు సొరంగంలో ఉంటే పరుపులకు పురుగు పడుతుందని, దానికి మాత్రం ఏ వేళ అని లేదు. ఎవరైనా పోతే ఇంటివాళ్లు దండచేతి కడియం లోపలి వైపు బొటనవేలితో నొక్కి విప్పుతారు. విప్పగానే కబురు దానంతటదే వెళుతుంది, లిఫ్టూ పీనుగుల బండీ వస్తాయి. మా అమ్మకు నేనే విప్పాను. బతికున్న మనిషికి విప్పడం ఎవరూ చేయరు. నిద్రలో చేయి అక్కడ తగిలితేనే దిష్టి తీస్తారు.

వదిన కడియం విప్పుదామని నేను అన్నప్పుడు అన్న నావైపు చూసిన చూపు రాయలేను.

"నా పెండ్లాన్ని నా కండ్ల ముందరే పీనుగును చేస్తావా పాపా? కడెం పచ్చగా ఉండాది. పచ్చగా ఉన్నదాన్ని తీస్తావా?"

అన్న మూర్ఖుడు కాదు. ఫ్యాన్ల సొరంగంలో ఒకసారి ఊపిరాడక పడిపోయినప్పుడు ఆయన ప్రాణం కాపాడింది తన కడియమే. ఎర్రబడి, లిఫ్టు దింపి. ఆయన నమ్మకానికి ఒక ప్రాణమంత ఆధారం ఉంది. నాకున్నది ఒక రబ్బరు బొమ్మ.

నీకు ఖాయంగా తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది. ఇంకొకరయితే చెప్పేవాళ్లు. నేను తెలియదని చెప్పి, తెలియదు కానీ అనుమానంగా ఉంది అని మొదలుపెట్టి, తప్పయితే నష్టమేమిటి ఒప్పయితే నష్టమేమిటి అని సెమినారులో మాట్లాడినట్టు మాట్లాడుతూ పోయాను. నా గొంతు నాకే చిరాకు పుట్టించింది. ఆయన వాదించాడు, నేను వాదించాను. మధ్యలో వదిన, చెమటతో, గడ్డి మూటలకు ఆనుకుని.

ఆమే ఆపింది మమ్మల్ని.

"గమ్మునుండండి ఇద్దరూ. రొమ్ము మీద తిరగలి రాయి పెట్టినట్టుండాది. పొద్దుట్నించీ తీయల్యా ఎవురూ." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నాకు బయమేస్తాంది మే."

అని ఎడమ చేయి నావైపు చాపింది. అన్నవైపు కాదు. అది అన్నకూ కనిపించింది.

నొక్కాను. పచ్చ ఆరిపోయింది. ఆమె దండచేతి మీద కడియం ఉన్న చోట చర్మం పాలలా తెల్లగా ఉంది. పెంచలమ్మ చనిపోయింది.

బండి తోలేది దస్తగిరి. నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. ఆ బండిని చూస్తే జనం పక్కకు తప్పుకుంటారు కాబట్టి అతనితో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. అందుకేనేమో దొరికినవాళ్లతో చాలా మాట్లాడతాడు. వచ్చి అటూ ఇటూ చూశాడు.

"పీనుగు యాడ?"

"నేనే. ఎక్కించు" అంది వదిన.

దస్తగిరి నమలడం ఆపాడు. ఈ పని ఒప్పుకున్నప్పటి నుంచీ తనతో ఎదురు మాట్లాడిన పీనుగు ఇదేనన్నాడు. తర్వాత నన్ను చూశాడు, విప్పిన కడియాన్ని చూశాడు, విషయం అర్థమైంది. ఇది తెలిస్తే తన పని పోతుందని అతనికి నాకంటే బాగా తెలుసు. కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు.

"నాకొచ్చిన కబురు పీనుగని. పీనుగు పండుకోని ఉండాల్నా కూచోని ఉండాల్నా అని అందులో ల్యా. పట్టుకో అక్కా అట్ల."

నడవనివ్వకుండా ఇద్దరం ఎత్తి బండిలో వీపు ఆనేటట్టు కూర్చోబెట్టాం. రవిక ముడి వదులు చేశాను. మందుల అలమర కడియం ఎర్రబడితేనే తెరుచుకుంటుంది, అది సరే. పైన ఎండలో తిరిగి తలనొప్పి వస్తుందని దస్తగిరి జేబులో ఆస్పిరిన్ ఉంటుంది. ఏ మాత్రకైనా ఒంటి మీద దద్దుర్లు వస్తాయా అని అడిగాను, ఎప్పుడైనా కడుపులో నెత్తురు పోయిందా అని అడిగాను. రెండింటికీ లేదంది. అయితే మింగొద్దు, నమలమన్నాను. చేదంటూ నమిలింది. బండివాడు కాక పీనుగుతో ఒక్కరికే చోటు. నేను ఎక్కాను. అన్న ఆమె చెప్పులు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

లిఫ్టు కదిలాక వదిన ఏదో అనబోయింది. తల పక్కకు వాలింది. భుజం తట్టి గట్టిగా పిలిచాను. పలకలేదు. గట్టున పడ్డ చేపలా నోరు తెరిచి ఒక్క గుటక వేసింది, ఆగి మళ్లీ ఒకటి. అది ఊపిరి కాదు, చూసి మోసపోవద్దని తరగతిలో ఆవిడ చెప్పింది. మోసపోదామని ఎంత అనిపించిందో.

వదినను పడుకోబెట్టమన్నాను దస్తగిరితో. పీనుగుల బండి కనుక చెక్క గట్టిగానే ఉంది. రొమ్ము నడిమధ్య ఎముక మీద అరచేయి మడమ ఆనించి, దాని మీద రెండో చేయి పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కడం మొదలుపెట్టాను. గట్టిగా, తొందరగా, ప్రతిసారీ రొమ్ము మళ్లీ పైకి లేవనిస్తూ. బొమ్మ టిక్కుమనేది. వదిన రొమ్ములో పుటుక్కుమంది, పక్కటెముక. ఆగిపోయాను. ఆగొద్దు అక్కా, ఇరిగితే అతుకుతాదిలే అన్నాడు దస్తగిరి. నొక్కాను. నా భుజాలు చచ్చుబడ్డాక అతను అందుకున్నాడు. మోత మోసేటప్పుడు పాడే పదం పెదాల మధ్యే అంటూ, దాని ఊపుకు నొక్కాడు. మళ్లీ నేను. మళ్లీ అతను. లిఫ్టు ఎప్పుడూ ఇంత నెమ్మదేనా?

తలుపు తెరుచుకునేసరికి ఇద్దరు నర్సులు పీనుగును రాసుకోవడానికి నిలబడి ఉన్నారు. నొక్కుతున్న నన్ను చూసి ఒకామె లోపలికి పరుగెత్తింది. షాకు పెట్టె తెచ్చారు. పలకలు అంటించి అందరినీ దూరం జరగమన్నారు. రెండోసారికి వదిన దగ్గింది.

ఇప్పుడు లోపల ఉంది.

కడియం ఉంచి ఉంటే, గుండె ఆగిన ఆ క్షణంలో అది ఎర్రబడి ఉండేదే. అన్న ఈ మాట అంటాడు. ఆయన కంటే ముందు నేనే అనుకుంటున్నాను. ఎర్రబడ్డాక అప్పుడు లిఫ్టు పై నుంచి బయలుదేరేది. మేం ఆ పాటికి సగం దారి ఎక్కి ఉన్నాం. లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఇంకో పది సార్లు వేసి చూస్తాను.


నమోదు 4, అదే వరండా

మూసుకుపోయిన నాళం తెరిచారట. బతుకుతుంది.

డాక్టర్ షమీమ్ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నొప్పి ఎప్పుడు మొదలయిందని అడిగింది. పొద్దున లేచేటప్పుడే అన్నాను. ఆమె గడియారం వైపు చూసింది, నావైపు చూసింది.

"మరి ఇంతసేపూ ఏం చేస్తున్నారమ్మా?"

మర్యాదగానే అడిగింది. గుండె కండలో కొంత మేర చచ్చిపోయిందని, అది తిరిగి రాదని, తొందరగా వచ్చి ఉంటే అంత పోయేది కాదని చెప్పింది. కడియం పచ్చగా ఉందని నేను మొదలుపెట్టాను. కడియాలతో నాకు పని లేదమ్మా, మనిషి ఏం చెప్పింది, అంది. మనిషి పంటినొప్పి అంది, అన్నాను. అదీ నిజమే. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఏం చేస్తున్నాం? బెంచీ మీద కూర్చున్నాను. తెర చూశాను. వాదించాను. ఖాయంగా తెలియాలని ఎదురు చూశాను. ఖాయంగా తెలిసే రోజున చేయడానికి ఏమీ మిగలదని నలభై దాటాక కూడా ఎవరైనా చెప్పాలా నాకు?

అన్న మెట్లదారిన ఎక్కి వచ్చాడు. మనిషి నీళ్లలో ముంచి తీసినట్టున్నాడు. చేతిలో ఆమె చెప్పులు. చెప్పులు గడప పక్కన జతగా పెట్టి, నీడలో కూర్చున్నాడు.


నమోదు 5, ఆసుపత్రి లోపల

రెడ్డెమ్మ నుంచి కబురు. చావు ఒకసారి రాశాక కొట్టేసే వీలు లేదట. ఆమె చాలాసేపు తల బద్దలుకొట్టుకుని ఒక దారి కనిపెట్టింది: పెంచలమ్మను కొత్తగా పుట్టిన బిడ్డ కింద రాయించుకుంటే కొత్త కడియం వస్తుంది. తల్లి పేరు ఏం పెట్టాలని అడుగుతోంది. వదినకు చెప్పాను. నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని, నవ్వించినందుకు నన్ను తిట్టింది.

ఇంకో కబురు కూడా ఉంది. ఇకమీదట కడియాలు చేత్తో విప్పడానికి రాకుండా మూసేస్తారట. చావు కూడా యంత్రమే చూసుకుంటుంది, దుర్వినియోగం ఉండదు. దస్తగిరిని బండి దింపి గడ్డి మోతకు వేశారు. నిలకడ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. దాని గురించి ఒక్క ముక్క లేదు. రెండుసార్లు చదివాను, వెతికాను, లేదు.

కిందికి పోయి వాళ్లతో కొట్లాడాలి. నా మాటకు విలువ ఉంటుందని నమ్మకం లేదు. మంచి మనుషులందరూ ఒక్కొక్కరే మెత్తగా చెప్పే ఆ సమాధానం మళ్లీ వినాలంటే ఇప్పుడే నీరసం వస్తోంది. పోతాను.

బయలుదేరే ముందు వదిన గదిలోకి తొంగి చూశాను. వదిన కళ్లు మూసుకుని ఉంది. అన్న స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. ఆమె చేతికి ఇప్పుడు వెలుగేమీ లేదు. చూసి తెలుసుకోవడానికి ఏమీ లేదు. ఆయన చాలాసేపు ఆ చేతిని చూశాడు. తర్వాత, ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి, చూపుడువేలు ఆమె మణికట్టు మీద పెట్టాడు. కదలకుండా కూర్చున్నాడు. ఏమీ తగల్లేదు కాబోలు, ఆయన మొహం పాలిపోయింది.

వదిన కళ్లు తెరవకుండానే రెండో చేత్తో ఆ వేలు పట్టుకుని, కొంచెం పక్కకు జరిపింది.

"ఆడ కాదు" అంది. "ఈడ."